పుదీనా లేని తొక్కు: నిప్పు తగలని వంటలో పచ్చి ఆకుల చరిత్ర



కొన్నేళ్ల క్రితం, నేను వరంగల్‌లో ఉద్యోగ విరమణకు దగ్గర పడిన రోజుల్లో, ఒక మధ్యవయస్కురాలు తన అత్తగారిని వెంటబెట్టుకొని నా గదికి వచ్చింది. భోజనమైన గంటకు ఛాతీలో మంట, పడుకుంటే గొంతులోకి పులుపు ఎగదన్నడం, వేకువన దగ్గు ఆమె బాధలు. పరీక్షలు చేయించాను. గుండెలో లోపమేమీ కనిపించలేదు. ఆహారం గురించి అడిగినప్పుడు అసలు సంగతి బయటపడింది.

"సారూ, పుదీన చలువ అంటరు గద! రోజూ సాయంత్రం నిమ్మరసంల దంచి తాగుతాన. అయినా మంట తగ్గుతలేదు" అన్నది.

పచ్చి పుదీనాను కొంతకాలం మాని చూడమన్నాను. ఆమె ముఖం చిన్నబోయింది. "మరి తొక్కుల ఏం ఎయ్యాలె సారూ? పెరుగు చట్నీల ఏం ఎయ్యాలె?" అని అడిగింది. నా వద్ద సమాధానం లేదు. వైద్య కళాశాలలో ఏది మానాలో చెప్పారు గాని, దాని స్థానంలో ఏది వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. సమాధానం ఆ అత్తగారి నుంచి వచ్చింది: "పుదీన లేకుంటే తొక్కు కాదా బిడ్డా? మా చిన్నప్పుడు ఇంట్ల పుదీన ఎక్కడిది? కొత్మీర, వామాకు ఏసి నూరేటోళ్లం."

ఆ ముసలమ్మ మాట నన్ను చాలాకాలం వెంటాడింది. విరమణ తరువాత తీరిక దొరికినప్పుడు పాత గ్రంథాలు తిరగవేశాను. ఆమె చెప్పినది ఒక ఇంటి అలవాటు మాత్రమే కాదనీ, దాని వెనుక రెండువేల ఏళ్ల చరిత్ర ఉన్నదనీ తెలిసింది. ఆ చరిత్రను, దాని నుంచి నేటి ఆరోగ్యానికి పనికివచ్చే నాలుగు మాటలను మీతో పంచుకుంటాను.

ఓరుగల్లు పూటకూటి ఇంటిలో

మన ఊరి భోజనాన్ని గురించి మనకు దొరికే పాత సాక్ష్యాలలో మనోహరమైనది క్రీడాభిరామం. రావిపాటి త్రిపురాంతకుడు సంస్కృతంలో రచించిన ప్రేమాభిరామానికి ఇది తెలుగు రూపం. కర్త వినుకొండ వల్లభరాయుడని ప్రసిద్ధి. శ్రీనాథుడని వాదించిన పండితులూ ఉన్నారు. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల రాజధానియైన ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతూ చూసిన వింతలే అందులోని కథ.

వారికి ఆకలి వేసినప్పుడు లక్ష్మణవజ్ఝల గారి పూటకూటి ఇంటి ప్రస్తావన వస్తుంది. అక్కడ ఒక్క రూకకు దొరికే భోజనాన్ని కవి వరుసగా చెబుతాడు. మేలైన సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంటకం, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, కొత్త పెరుగు, వీటితోపాటు నాలుగైదు నంజులు.

పాఠకులారా, ఈ 'నంజు' అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగండి. అన్నం ముద్దకూ ముద్దకూ మధ్య నాలుకకు రాసుకునే చిరుపదార్థం నంజు. నేటికీ మనం 'నంజుకోవడానికి ఏముంది?' అని అడుగుతున్నాం. ఆ నాలుగైదు నంజులు ఏమిటో కవి చెప్పలేదు. ఆనాటి ఓరుగల్లులో ఏవి ఉండే అవకాశం లేదో మాత్రం మనం చెప్పగలం. మిరపకాయ లేదు; టమాటా లేదు. ఈ రెండూ అమెరికా ఖండం నుంచి, 1498లో వాస్కోడిగామా కోళికోడు తీరానికి వచ్చిన తరువాత పోర్చుగీసు వారి నౌకావ్యాపారం మూలంగా మనకు చేరాయి. అంతకు ముందు కారమంటే మిరియమే. మిరపకాయ అనే పేరు సైతం ఆ మిరియపు పేరు మీదుగా పుట్టినదే. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో విదేశీ వర్తకులకు అభయమిస్తూ వేయించిన శాసనంలో కర్పూరం, పన్నీరు, పగడాలు, పట్టునూలు మొదలైన వాటితోపాటు మిరియాలకూ సుంకం నిర్ణయించబడి ఉన్నది.

అంటే నాటి నంజుకు కారం మిరియం నుంచీ అల్లం నుంచీ రావాలి. పులుపు చింతపండు నుంచో మామిడి నుంచో రావాలి. పచ్చి పరిమళం ఏదో ఒక ఆకు నుంచి రావాలి. ఏ ఆకు?

చరకుడు చెప్పిన హరితవర్గం

ఈ ప్రశ్నకు సమాధానం మన వైద్య గ్రంథంలోనే ఉండడం నాకు ఆశ్చర్యం కలిగించింది. చరక సంహిత సూత్రస్థానంలోని 27వ అధ్యాయం ఆహార పదార్థాలను పన్నెండు వర్గాలుగా విభజించింది. శూకధాన్యాలు, శమీధాన్యాలు, మాంసాలు, శాకాలు, ఫలాలు మొదలైన వాటి నడుమ 'హరితవర్గం' అనే ప్రత్యేక వర్గం ఒకటి ఉన్నది.

శాకమూ ఆకే, హరితమూ ఆకే. మరి రెండు వర్గాలెందుకు? 11వ శతాబ్దంలో వంగదేశపు వైద్యుడు చక్రపాణిదత్తుడు తన వ్యాఖ్యానంలో దీనిని వివరించాడు. పండ్ల వలె నిప్పు మీద పక్వం చేయకుండానే భోజనానికి ముందూ తరువాతా ఉపయోగించేవి హరితాలని ఆయన భావం. నేడు మనం వంట చేయని పదార్థాలు అని వేరుగా చెప్పుకునే ఆలోచనను ఆ వైద్యులు అప్పటికే ఒక వర్గంగా నిలబెట్టారు.

ఆ వర్గంలో ఎవరెవరున్నారు? అల్లం, ముల్లంగి, సురస అనబడే తులసి, యవాని అనబడే వాము, తులసికి చుట్టాలైన అర్జకం, సుముఖం, మునగ, ధాన్యకం అనబడే కొత్తిమీర, సువాసనగల భూస్తృణమనే గడ్డి, నీరుల్లి, వెల్లుల్లి. ఇంచుమించు మన వంటింటి కిటికీ అంచు మీద కనిపించే కుటుంబమే ఇది. ఈ పట్టికలో పుదీనా పేరు కనిపించదు.

ఆ అత్తగారు చెప్పిన రెండు ఆకులలో కొత్తిమీర ఈ పట్టికలో నేరుగా ఉన్నది. రెండవదైన వామాకు సంగతి కొంత తికమకగా ఉంటుంది. మనం పెరట్లో కుండీలో పెంచుకునే మందపాటి, నూగుగల వామాకు నిజానికి వాము గింజలిచ్చే మొక్క ఆకు కాదు. వాసన పోలిక చేత ఆ పేరు వచ్చింది. కర్పూరవల్లి అని దానికి మరో పేరు. వాము కొత్తిమీర కుటుంబానికి చెందినది. వామాకు తులసి కుటుంబానికి చెందినది. ఈ తేడా మీకు త్వరలోనే అక్కరకు వస్తుంది.

కొత్తిమీర ప్రాచీనత గురించి ఒక మాట. దాని సంస్కృత నామం కుస్తుంబురు. ఆ పదం ఏర్పడిన తీరును పాణిని తన వ్యాకరణంలో ప్రత్యేకంగా ప్రస్తావించాడు. మన కొత్తిమీర, కన్నడిగుల కొత్తంబరి, తమిళుల కొత్తుమల్లి ఆ పదంతో చుట్టరికం ఉన్న మాటలే. ఇన్ని శతాబ్దాలు ఒకే మూలం గల పేరుతో ఈ భాషలలో బతికిన ఆకు ఇది.

పుదీనా పేరు ఏ దారిన వచ్చింది

పుదీనా అనే పేరు పారశీక భాషకు చెందినది. దీని ప్రయాణం మన ఊరి చరిత్రతో ముడిపడి ఉన్నది. 1323లో ఢిల్లీ సైన్యాలు ఓరుగల్లును జయించి సుల్తాన్‌పూర్ అని పేరు మార్చాయి. 1347లో బహమనీ రాజ్యం ఏర్పడింది. ఆ తరువాత గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొగలులు, అసఫ్‌జాహీలు వరుసగా వచ్చారు. ఈ శతాబ్దాలలో పారశీకం దక్కనులో కొలువుభాషగా నిలిచింది. హైదరాబాదు రాజ్యంలో 1880ల వరకూ అదే అధికార భాష. ఆ తరువాత ఉర్దూ దాని స్థానం తీసుకున్నది. దుకాణం, బజారు, దస్తావేజు, తారీఖు మన నాలుక మీద ఎలా స్థిరపడ్డాయో, కిస్మిస్, బాదం, షర్బత్, పులావు, పుదీనా కూడా అలాగే స్థిరపడ్డాయి.

పేరు పరాయిదైనంత మాత్రాన మొక్కను పరాయిదిగా చూడనక్కరలేదు. ఇన్ని తరాలుగా మన నేలలో పెరిగి, మన బిర్యానీలో ఉడికి, మన దహీ చట్నీలో కలిసిన ఆకు మనదే. నేను గమనించినది వేరొకటి. మన తెలుగిళ్లలో చేసే పుదీనా పచ్చడిని జాగ్రత్తగా చూడండి. చాలా ఇళ్లలో ఆకును నూనెలో మగ్గబెట్టిన తరువాతనే రోట్లో వేస్తారు. బిర్యానీలోనూ అది ఆవిరి మీద ఉడుకుతుంది. ఆకును పచ్చిగా నూరే ఆకుపచ్చ చట్నీ, పానీపూరీ నీరు, పుదీనా నిమ్మ షర్బత్ మన పట్టణాల్లో ఇంతగా వ్యాపించినది ఇటీవలి తరాలలోనే. నా బాల్యంలో హనుమకొండ వీధుల్లో పానీపూరీ బండి చూసిన జ్ఞాపకం లేదు.

ఇక మన పాత పచ్చి వంటకాలను తీసుకోండి. వాటిలో తలమానికం పచ్చిపులుసు. చింతపండు నానబెట్టి పిసికి, నీళ్లు కలిపి, ఉల్లిపాయ ముక్కలు, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిర్చి, ఉప్పు, జీలకర్ర వేసి, కొందరిళ్లలో కాస్త బెల్లమో నువ్వుల పొడియో చేర్చి, చివర కొత్తిమీర, కల్యామాకు తుంచి వేస్తారు. కరివేపాకును మన పల్లెల్లో కల్యామాకు అంటారు గదా! పైన పోపు పెట్టినా, పెట్టకపోయినా పులుసు మాత్రం మరగదు. కిచిడీలోకో ముద్దపప్పులోకో దీనిని మించినది లేదు. అందులో పుదీనా లేదు; దాని లోటూ ఎవరికీ తోచదు. ఉగాది పచ్చడిలో మామిడి ముక్కలు, వేపపువ్వు. వేసవి మజ్జిగలో అల్లం, కరివేపాకు, కొత్తిమీర. దేవాలయ తీర్థంలో తులసి. మన బమ్మెర పోతన భాగవతంలో గోపబాలురు చల్దులారగించే ఘట్టంలో కృష్ణుని వేళ్ల సందున ఇరికినవి ఊరగాయలు. నిప్పు తగలని రుచులకు మనకు ఎన్నడూ కొదువ లేదు.

సముద్రం దాటి వెళ్లిన మనవారి సంగతి కూడా చూడండి. 19వ శతాబ్దంలో తెలుగు, తమిళ కూలీలు మారిషస్ చెరకు తోటలకు వలస వెళ్లారు. నేటికీ ఆ ద్వీపపు క్రియోల్ భాషలో కొత్తిమీరను 'కోతోమిలీ' అంటారు. తమిళుల కొత్తుమల్లి అక్కడ అలా మారింది. పచ్చి కొత్తిమీర నూరిన చట్నీ అక్కడ జాతి, మత భేదం లేకుండా అందరి విస్తరిలోనూ ఉంటుంది. ఊరు విడిచిన మనిషి తనతో తీసుకుపోయిన పచ్చి ఆకు అది.

ఒక ఆకు స్థానంలో మరొకటి: అసలు కిటుకు

ఇప్పుడు వైద్యుని దృష్టితో ఈ విషయం చూద్దాం. పచ్చి వంటకంలో పుదీనా మూడు పనులు చేస్తుంది: పరిమళం ఇస్తుంది, నోటికి చల్లదనపు భ్రమ కల్పిస్తుంది, పెరుగు లేదా పులుపు బరువును తేలిక చేస్తుంది. ఈ మూడింటినీ ఒకే ఆకు నుంచి తిరిగి రాబట్టాలనుకున్నప్పుడే మనం విఫలమవుతాం. పనులను విడదీసి పంచుకుంటే సులువు.

'చల్లదనపు భ్రమ' అన్నాను. దానికి కారణం ఉన్నది. పుదీనా జాతులలోని మెంథాల్ అనే పదార్థం మన నరాలలో చలిని గుర్తించే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఉష్ణోగ్రత ఏమాత్రం తగ్గకపోయినా మెదడుకు చల్లగా ఉన్నదన్న కబురు అందుతుంది. ఈ గ్రాహకాన్ని 2002లో డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపౌటియన్ బృందాలు విడివిడిగా గుర్తించాయి. ఉష్ణస్పర్శల గ్రాహకాల మీద చేసిన కృషికి వారిద్దరికీ 2021లో నోబెల్ బహుమతి లభించింది. కనుక 'పుదీనా చలువ' అనే మాట నాలుకకు నిజమే; కడుపులోని మంటకు అది మందు అని మాత్రం దాని అర్థం కాదు.

మెంథాల్ అధికంగా ఉండేది పెప్పర్‌మింట్ అనే జాతిలో. అన్నవాహిక అడుగున ఉండే కండర కవాటాన్ని పెప్పర్‌మింట్ నూనె సడలిస్తుంది. కవాటం సడలితే ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. మన వంటింటి పుదీనా ఎక్కువగా స్పియర్‌మింట్ జాతిది. దాని వాసనకు ముఖ్య కారణం కార్వోన్ అనే వేరొక పదార్థం. ఇది కవాటాన్ని అంతగా సడలించకపోయినా, ఎక్కువ మోతాదులో కొందరికి మంట కలిగిస్తుంది. అందుచేత ఛాతీ మంట ఉన్న ప్రతివారూ పుదీనాను శత్రువుగా చూడనక్కరలేదు. రెండు వారాలు మాని చూడండి. తేడా కనిపిస్తేనే దూరం పెట్టండి.

ఇక ప్రత్యామ్నాయాలు. మొక్కల కుటుంబాలు రెండింటిని గుర్తుంచుకుంటే చాలు. తులసి కుటుంబంలో పుదీనా, తులసి, సబ్జా, వామాకు, మరువం ఉన్నాయి. వీటి లేత కాడలను వేళ్ల మధ్య తిప్పి చూస్తే సాధారణంగా నాలుగు పలకలుగా తగులుతాయి. ఆకులు ఎదురెదురుగా పుడతాయి. ఘాటైన పరిమళం వీటి సొత్తు. కొత్తిమీర కుటుంబంలో కొత్తిమీర, సోయికూర, వాము, జీలకర్ర, సోంపు ఉన్నాయి. తాజాదనం, తేలికదనం వీటి గుణం. కుటుంబం లోపల మార్చుకుంటే పరిమళం దగ్గర పడుతుంది. రెండు కుటుంబాల నుంచి చెరొకటి తీసుకుంటే పుదీనా చేసే పని ఇంచుమించు పూర్తవుతుంది. ఆ అత్తగారి కొత్తిమీర, వామాకుల జోడీలోని శాస్త్రం ఇదే. ఆమెకు కుటుంబాల పేర్లు తెలియవు, రుచి తెలుసు.

మా ఇంట్లో పరీక్షించి చూసిన కొలతలు ఇవి.

పెరుగు చట్నీలో గుప్పెడు పుదీనాకు బదులు గుప్పెడు కొత్తిమీర, రెండు లేత వామాకులు, చిటికెడు వేయించిన జీలకర్ర పొడి. వామాకు ఘాటు ఎక్కువ. మూడు ఆకులు మించితే దగ్గుమందు వాసన వస్తుంది.

నిమ్మ షర్బత్‌లో నాలుగైదు తులసి ఆకులు గాని, సబ్జా మొక్క లేత ఆకులు గాని నలిపి వేయండి. నానబెట్టిన సబ్జా గింజలు అందరికీ తెలుసు. ఆ మొక్క ఆకును మాత్రం మనం పట్టించుకోము. పుదీనాకు వాసనలో మంచి ప్రత్యామ్నాయం అదే.

మజ్జిగలో లేత కరివేపాకు, కొత్తిమీర, అల్లం ముక్క దంచి, వడకట్టి కలపండి. ముదురు కరివేపాకు పచ్చిగా చేదెక్కుతుంది.

దోసకాయ, క్యారెట్, నానబెట్టిన పెసరపప్పుతో చేసే కోసంబరిలో సోయికూర కొద్దిగా తరిగి వేయండి. సోయి గింజల నూనెలోనూ కార్వోన్ ఉన్నది. పుదీనా కార్వోన్‌కు అద్దంలో ప్రతిబింబం వంటి అణువు అది. అద్దంలో కుడి ఎడమైనట్టు అణువు తిరగబడగానే ముక్కుకు వాసన వేరైపోతుంది. ఆకులో దాని పాలు తక్కువ. కనుక సోయికూర పుదీనా వాసన ఇవ్వదు. దాని తాజాదనం మాత్రం ఇస్తుంది.

కొత్తిమీర అందరికీ రుచించదనీ గుర్తుంచుకోండి. కొందరికి అది సబ్బు నమిలినట్టు ఉంటుంది. అది మొండితనం కాదు. వాసనలను గుర్తించే ఒక జన్యువులోని తేడా దానికి కొంత కారణమని 2012లో వెలువడిన పరిశోధన తెలిపింది. అదే ఏడాది కెనడాలో జరిగిన మరొక అధ్యయనంలో కొత్తిమీర నచ్చనివారు తూర్పు ఆసియా మూలాలవారిలో 21 శాతం ఉండగా, దక్షిణాసియా మూలాలవారిలో 7 శాతమే. మీ కోడలో అల్లుడో కొత్తిమీర ఏరి పక్కన పెడితే కోప్పడకండి. వారికి తులసి, కరివేపాకు దారి చూపండి.

నిప్పు చేసే కాపలా

ఇంతవరకూ రుచి గురించి చెప్పాను. నిజానికి ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పినది మరొకటి. హరితానికీ శాకానికీ ఉన్న తేడా నిప్పు. ఆ నిప్పు మన కాపలాదారు. ఆకును ఉడికించినప్పుడు టైఫాయిడ్ క్రిములు, విరేచనాల క్రిములు, పురుగుల గుడ్లు నశిస్తాయి. పచ్చిగా తిన్నప్పుడు ఆ కాపలా లేదు. పుదీనా స్థానంలో కొత్తిమీర వేసినా, తులసి వేసినా ఈ ప్రమాదం మారదు.

పుదీనా, కొత్తిమీర రెండూ నేలకు దగ్గరగా, తడిని ఆశ్రయించి పెరుగుతాయి. నగరాల శివార్లలో మురుగునీటితో ఆకుకూరలు పండించడం రహస్యం కాదు. హైదరాబాదు దిగువన మూసీ నీటి సేద్యం మీద ఎన్నో అధ్యయనాలు వచ్చాయి. ఇది పేద దేశాల సమస్య మాత్రమే అనుకోకండి. మెక్సికోలోని ప్యూబ్లా రాష్ట్రం నుంచి వచ్చిన పచ్చి కొత్తిమీరను, సైక్లోస్పోరా అనే పరాన్నజీవి వల్ల వరుసగా విరేచనాల వ్యాధి ప్రబలిన కారణంగా, అమెరికా ఆహార ఔషధ సంస్థ 2015లో ఏటా కొన్ని నెలలపాటు సరిహద్దు వద్దనే ఆపించింది.

నా ఉద్యోగ జీవితంలో వానాకాలం రాగానే టైఫాయిడ్, కామెర్ల రోగులతో వార్డులు నిండిపోయేవి. ఏ రోగిని అడిగినా బయట తాగిన నీరో, బండి మీద తిన్న పచ్చి చట్నీయో జ్ఞాపకం చేసుకునేవారు. ఏది కారణమో ఒక్కొక్కరి విషయంలో నిరూపించడం కష్టం. ఐనా ఈ జాగ్రత్తలు మీ ఇంటిని కాపాడతాయి.

ఆకు కట్ట కొన్న వెంటనే వేళ్లు, మట్టి అంటిన కాడలు కోసివేయండి. విడదీసి, పారే నీటిలో మూడు నాలుగు సార్లు కడగండి. ఉప్పునీటిలోనో వెనిగర్ నీటిలోనో నానబెడితే మట్టి, పురుగులు వదులుతాయి, క్రిములన్నీ చావవు. కడిగిన ఆకును ఆరబెట్టి, అదే రోజు వాడండి. షర్బత్‌కూ, పచ్చిపులుసుకూ కాచి చల్లార్చిన నీరు వాడండి. ఆకును కడిగి నీటిని మరచిపోవడం తలుపు వేసి కిటికీ తెరిచినట్టే. గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు పచ్చి ఆకులను మాని, నూనెలో మగ్గబెట్టిన పచ్చడి తినడం క్షేమం. పుదీనాను మగ్గబెట్టే మన తల్లుల అలవాటులో ఈ మేలు కూడా ఉన్నది. టైఫాయిడ్‌కు మంచి టీకా నేడు ఉన్నది. మన హైదరాబాదులోని భారత్ బయోటెక్ తయారుచేసిన టీకా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం పొందినది. పిల్లలకు వేయించడం గురించి మీ వైద్యునితో మాట్లాడండి.

మరొక హెచ్చరిక. గుండె కవాటాల శస్త్రచికిత్స తరువాత రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లేదా ఎసిట్రోమ్ మాత్రలు వాడేవారు ఉంటారు. ఆ మందులకు విటమిన్ 'కె' ఎదురు పనిచేస్తుంది. పచ్చి కొత్తిమీరలో ఆ విటమిన్ 100 గ్రాములకు సుమారు 300 మైక్రోగ్రాములు ఉంటుంది. నాలుగు రెబ్బలతో ముంచుకొచ్చే ముప్పు లేదు. ఉన్నట్టుండి రోజూ గిన్నెడు కొత్తిమీర తొక్కు మొదలుపెట్టినా, ఉన్నట్టుండి మానేసినా మందు మోతాదు తారుమారవుతుంది. తినేది ప్రతిరోజూ ఇంచుమించు ఒకే మోతాదులో తినండి. మార్పు చేసేముందు డాక్టరుకు చెప్పండి. కొత్తిమీర రసం మూత్రపిండాలను కడిగివేస్తుందని ఫోన్లలో తిరిగే సందేశాలను నమ్మి మందులు మానకండి. పుదీనా నూనె, మెంథాల్ చుక్కలు ఆకుతో సమానం కావు; పసిపిల్లల ముక్కుకు వాటిని రాయడం ప్రమాదకరం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటి. ఛాతీలో మంట అనిపించినదల్లా ఆమ్లం కాదు. నడిస్తే పెరిగే బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమట, ఆయాసం ఉంటే ఏ ఆకు వేయాలా అని ఆలోచించకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో షర్బత్ కలుపుకుంటూ విలువైన గంటలు పోగొట్టుకున్నవారిని నేను చూశాను.

ముగింపు

పారశీకుల భోజనంలో ఒక అందమైన ఆచారం ఉన్నది. రొట్టె పక్కన పళ్లెం నిండా పచ్చి ఆకులు పెడతారు. అందులో పుదీనాతోపాటు తులసి జాతి ఆకులు, టారగన్, ఉల్లికాడలు, ముల్లంగి, కొత్తిమీర ఉంటాయి. ఎవరికి ఏది నచ్చితే అది తీసుకుంటారు. పుదీనాకు పేరు పెట్టిన దేశంలోనే అది ఒంటరిగా రాజ్యమేలడం లేదు. పళ్లెంలో ఒక సభ్యురాలు మాత్రమే. చరకుని హరితవర్గం కూడా అటువంటి పళ్లెమే. మన ఓరుగల్లు విస్తరిలోని నాలుగైదు నంజులూ ఆ వరుసలోనివే.

ఒక్క ఆకును పట్టుకొని, అది లేకపోతే వంట లేదనుకోవడం ఇటీవలి అలవాటు. పలు ఆకులు తెలిసి ఉండడం పాత బలం. రోగం వల్ల ఒకటి మానవలసి వచ్చినప్పుడు ఆ బలమే మనకు అక్కరకు వస్తుంది.

ఆ తల్లి నెల రోజుల తరువాత మళ్లీ వచ్చింది. మంట సగానికి పైగా తగ్గిందన్నది. పుదీనా మానడం వల్లనే అని నేను చెప్పలేను. పచ్చిమిర్చి తగ్గించింది, రాత్రి భోజనం ఎనిమిదింటికే ముగిస్తున్నది, మందులూ వేసుకున్నది. చింతపండు, మిరపకాయ యథాతథంగా ఉంచి ఆకు ఒక్కటి మార్చితే ఫలితం ఉండదని మీరూ గ్రహించండి. వెళ్తూ వెళ్తూ ఒక చిన్న డబ్బా నా బల్ల మీద పెట్టింది. "మా అత్త నూరింది సారూ, మీరు కూడ తిని చూడుండ్రి" అన్నది.

కొత్తిమీర, వామాకు తొక్కు. ఆ రాత్రి వేడి అన్నంలో కలుపుకొని తిన్నాను. పుదీనా జ్ఞాపకం రాలేదు.

ఆరోగ్యమస్తు.